మా ఊరికి బస్సు లేదు, నలుగురం కలిసి బండి పెట్టుకుందాం అనుకుంటున్నాం, సలహాలు చెప్పండి

చెరువుకట్ట
అందరికీ నమస్తే. మాది పాత ప్రకాశం జిల్లా, కనిగిరి వైపు. మెయిన్ రోడ్డు నించి లోపలికి 13 కిలోమీటర్లు, దారిలో ఇంకో మూడు ఊళ్ళు తగులుతాయి. ఇదివరకు పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి పల్లె వెలుగు వచ్చేది, ఓ వానాకాలం వాగు మీద కల్వర్టు కొట్టుకుపోయి బస్సు ఆగింది, తర్వాత కల్వర్టు కట్టారు, తారు కూడా పోశారు, బస్సు మాత్రం మళ్ళీ రాలా. 2025 ఆగస్టు 15 నించి స్త్రీ శక్తి కింద ఆడోళ్ళకి బస్సు ఫ్రీ కదా, మా అమ్మ ఆధార్ కార్డు సంచిలో పెట్టుకునే తిరుగుద్ది, ఎక్కడానికి బస్సేది? ఆటోకి మనిషికి 40, అది కూడా నిండితేనే కదుల్తది, పిల్లోళ్ళు కాలేజీకి ఫస్ట్ పీరియడ్ ఎప్పుడూ పోగొట్టుకోవటమే.
ఊళ్ళో కుర్రోళ్ళం చందాలేసుకుని సెకండ్ హ్యాండ్ ట్రావెలర్ వ్యాను కొని మనిషికి 20 తీసుకుని నడుపుదాం అనుకుంటున్నాం. ఎవరన్నా ఇట్టాంటిది చేసుంటే చెప్పండి.

డల్లాస్ బుల్లోడు
బ్రో సూపర్ ఐడియా. మాది మీ పక్క మండలమే. వ్యాన్ కాస్ట్ ఎంతో చెప్పు, ఇక్కడ మన జిల్లావాళ్ళం ఒక గ్రూపు ఉన్నాం, సంక్రాంతికి నేను వచ్చేలోపు సెట్ చేద్దాం.

లా పాయింట్
కొనేముందు ఒక్క నిమిషం ఆగండి. తెల్ల బోర్డు బండిలో మనిషికింత అని డబ్బులు తీసుకుంటే అది కిరాయికి నడిపినట్టే. మోటారు వాహనాల చట్టం 1988 సెక్షన్ 66 ప్రకారం పర్మిట్ ఉండాలి, లేకపోతే 192ఏ కింద 10 వేలు ఫైన్, జైలు కూడా రాసుంది. ఫైన్ సంగతి అటుంచండి, రేపు ఎక్కడన్నా బోల్తా పడితే ప్రైవేటు పాలసీ బండిలో కిరాయికి జనాన్ని ఎక్కించారని ఇన్సూరెన్స్ వాళ్ళు అక్కడే పట్టుకుంటారు, అప్పుడు ఆర్సీ ఎవరి పేరు మీదుంటే వాడి పొలం మీదకొస్తది.
పోనీ పసుపు బోర్డు వేయిద్దాం అంటారా, ఆరుగురికి మించి ఎక్కించుకుని విడివిడిగా టికెట్టు తీసుకునేదాన్ని చట్టం స్టేజ్ క్యారేజ్ అంటది. ఆర్టీసీకి రిజర్వ్ చేసిన నోటిఫైడ్ రూటు అయితే ఆ పర్మిట్ మీకు దొరకదు. కాంట్రాక్ట్ క్యారేజ్ అయితే బండి మొత్తం ఒకరు మాట్లాడుకోవాలి, దారిలో చెయ్యెత్తినోళ్ళని ఎక్కించుకుని దింపటం కుదరదు.
ఒక్క మినహాయింపు మాత్రం చాలామందికి తెలీదు. ఒంట్లో బాగోలేనోళ్ళనో దెబ్బలు తగిలినోళ్ళనో ఎమర్జెన్సీలో ఏ బండిలో తీసుకెళ్ళినా 192ఏ వర్తించదు, 7 రోజుల్లోపు ఆర్టీఏకి తెలియజేస్తే చాలు. కాబట్టి అర్ధరాత్రి పాము కరిచినోణ్ణి పక్కింటోళ్ళ కార్లో వేసుకెళ్ళటానికి భయపడొద్దు.

ఈవీ బాబాయ్
ఎలక్ట్రిక్ అయితే పర్మిటే అక్కర్లేదు, 2018 అక్టోబర్‌లో సెంట్రల్ నోటిఫికేషన్ వచ్చింది, బ్యాటరీ ట్రాన్స్‌పోర్ట్ బండ్లకి సెక్షన్ 66 నించి మినహాయింపు. కరెంటు ఆటో కొనుక్కోండి గొడవుండదు.

లా పాయింట్
నిజమే, కానీ పర్మిట్ ఒక్కటే పోయింది. రిజిస్ట్రేషనూ ఫిట్‌నెస్సూ ఇన్సూరెన్సూ అన్నీ కావాల్సిందే, సీట్లకి మించి ఎక్కిస్తే అదే గొడవ. పైగా రోజూ 13 పోను 13 రాను, నాలుగు ట్రిప్పులేస్తే సాయంత్రానికి చార్జింగ్ మిగులుద్దా, ఊళ్ళో కరెంటు ఎన్నింటికి పోద్దో ముందు అది చూసుకోండి.

టాప్ గేర్ ఆటో
ఆటోవాళ్ళు నిండితేనే కదుల్తారు అని అందరూ అంటారు గానీ మా లెక్క ఎవరూ అడగరు అన్నా. నాది సెవెన్ సీటర్, ఈఎంఐ ఇంకా నడుస్తంది. ఫ్రీ బస్సు వచ్చినాక మెయిన్ రోడ్డు మీద ఆడోళ్ళ బేరం పోయింది, 2025 అక్టోబర్ 4న గవర్నమెంటోళ్ళు 15 వేలు వేశారు, అది ఇన్సూరెన్సుకీ ఫిట్‌నెస్‌కీ సరిపోయింది. లోపలి ఊళ్ళకి రావటానికి నాకేం బాధ లేదు, బాధల్లా పొద్దున టౌన్ నించి ఖాళీగా రావాలి, సాయంత్రం మిమ్మల్ని దించి ఖాళీగా పోవాలి. ఆ ఖాళీ డీజిలు ఎవరి నెత్తిన వేసుకోవాలి? అందుకే ముగ్గురు ఎక్కాల్సిన చోట ఐదుగురు ఎక్కుతారు.
నెలకి ఇంత అని ఒకటో తారీఖున చేతిలో పెట్టండి, 7.40కి మీ రచ్చబండ దగ్గర హారన్ కొడతా, ఇద్దరున్నా కదుల్తా. పిల్లోడు జొరమొచ్చి రాలేదు ఆ రోజు డబ్బులు కట్ చేసుకో అంటే మాత్రం నేను రాను.

పాత కంట్రోలర్
బాబూ, నేను ఆర్టీసీలో కంట్రోలర్‌గా చేసి రిటైరయ్యాను, ఏ డిపో అనేది వదిలేయండి. ఆటో ఆయన చెప్పినదాన్నే మా వాళ్ళు డెడ్ కిలోమీటర్లు అంటారు. మీ ఊరి బస్సు తిరిగి రాకపోటానికి కూడా సగం కారణం అదే అయ్యుంటుంది.
బస్సు కోసం మీరేం చేశారు? 300 సంతకాలు పెట్టించి సోమవారం కలెక్టరేట్‌లో పీజీఆర్ఎస్‌లో, అంటే ప్రజల ఫిర్యాదులు తీసుకునే చోట, అర్జీ ఇచ్చుంటారు. ఆ అర్జీ తిరిగి తిరిగి డిపో మేనేజర్, అదే డీఎం గారి టేబుల్ మీదకొస్తుంది, ఆయన 'ప్రయాణికులు చాలినంత లేరు' అని ఒక లైను రాసి పైకి పంపిస్తాడు, అయిపోయింది. డీఎం చూసేది ఈపీకే, అంటే కిలోమీటరుకి ఎంతొచ్చింది అని. సంతకాల్లో ఆ లెక్క ఉండదు. ఏ టైముకి, ఏ స్టేజీలో, ఎంతమంది, ఎక్కడికి, ఇది రాసివ్వండి. స్కూలు పాసులెన్ని, కాలేజీ పాసులెన్ని, టికెట్ కొనేవాళ్ళు ఎంతమంది విడిగా చూపించండి. ఆడవాళ్ళ జీరో టికెట్ డబ్బులు గవర్నమెంటు నించి రావాల్సినవే కాబట్టి ఆ తలకాయలు కూడా లెక్కే. బస్సొచ్చాక మాత్రం 'ఫ్రీయే కదా టికెట్ ఎందుకు' అని జీరో టికెట్ తీసుకోకుండా కూర్చోకండి, మిషన్‌లో కొట్టకపోతే మీ రూటులో ఎవరూ ఎక్కనట్టే.
ఇంకో మాట, కొత్త సర్వీసు అడక్కండి. కొత్త షెడ్యూల్ అంటే ఇంకో బస్సు, ఇంకో ఇద్దరు క్రూ, డిపోలో ఉన్నవాళ్ళకే డబుల్ డ్యూటీలు పడుతున్నాయి. మీ మండల కేంద్రంలో పొద్దున పూట వచ్చి అరగంటో ముప్పావుగంటో ఆగే బస్సు ఒకటుంటుంది చూడండి. దాన్ని మీ ఊరిదాకా పొడిగించమని అడగండి. అదైతే కొత్త సర్వీసు కన్నా తేలిగ్గా అయ్యే పని.

చెరువుకట్ట
సార్ ఇవన్నీ మాకు ఎవరూ చెప్పలేదు. మీరన్నట్టే సంతకాలు పెట్టించి ఇచ్చాం, ఆ లైనే వచ్చింది. పాత రోజుల్లో మా ఊళ్ళో నైట్ హాల్ట్ బస్సు ఉండేది అంటారు పెద్దోళ్ళు, అది అడగొచ్చా?

పాత కంట్రోలర్
అడగొచ్చు గానీ ముందు ఊళ్ళో రూము చూపించండి. నైట్ హాల్ట్‌లు పోయింది చాలా ఊళ్ళల్లో అందుకే. డ్రైవర్ కండక్టర్ పంచాయతీ ఆఫీసు వరండాలో దోమల్లో పడుకుంటే పొద్దున 5.30కి ఎవడు బండి తీస్తాడు. ఫ్యానున్న గది, నీళ్ళు, లెట్రిను, తలుపుకి గొళ్ళెం. లేడీ కండక్టర్లకి నైట్ హాల్ట్ డ్యూటీ మామూలుగా వేయరు, దాంతో ఆ చార్టుకి మనుషులు ఇంకా తగ్గారు.
ఈలోగా ఊరి చివర బస్సు తిరగటానికి చోటుందో లేదో చూసుకోండి. రివర్స్‌లో మలుపుకోవాల్సొస్తే డ్రైవర్లు కంప్లైంట్ రాస్తారు. కొమ్మలు టాపుకి తగలకుండా కొట్టించండి, ఇళ్ళకి లాగిన సర్వీసు వైర్లు ఎక్కడ కిందకి వేలాడుతున్నాయో లైన్‌మన్‌ని పిలిచి ఎత్తించండి. రూటు సర్వేకి వచ్చినవాడు ముందు చూసేది అవే.

డిగ్రీ ఫస్టియర్
నేను అదే రూటులో మూడో ఊరి అమ్మాయిని!! మీరు వ్యాను అన్నా బస్సు అన్నా నాకు ఒకటే, తిరుగు బండి గురించి ఎవ్వరూ మాట్లాడట్లేదు. పొద్దున ఎలాగోలా పోతాం, ఎవరో ఒకరు బైక్ మీద దింపుతారు. సాయంత్రం ప్రాక్టికల్స్ ఉంటే 5 అవుద్ది, అప్పుడు రోడ్డు మీద నిలబడాలి, ఆటో నిండేసరికి చీకటి. మా ఫ్రెండ్‌ని ఇందుకే వాళ్ళ నాన్న మానిపించాడు. 5.20కి ఒక బండి ఖాయంగా ఉంటది అని తెలిస్తే చాలు, పొద్దుటిది లేట్ అయినా పర్లేదు.

ఆశా అక్క
తమ్ముడూ నేను వేరే మండలంలో ఆశా వర్కర్ని. బండి పెట్టేముందు ఎవరు ఏరోజు పోతారో రాసుకోండి, అన్ని రోజులూ ఒకటి కాదు. ప్రతి నెలా 9న పీహెచ్‌సీలో గర్భిణీల చెకప్, ఆ రోజు మా నాలుగు ఊళ్ళల్లో కడుపుతో ఉన్నోళ్ళంతా కదలాల. కాన్పయినాక ఇంటికి తీసుకురావటానికి తల్లీ బిడ్డ ఎక్స్‌ప్రెస్ ఉంది, దానికి మీ బండి అక్కర్లా. ఒకటో తారీఖు పింఛను సచివాలయమోళ్ళే ఇంటికి తెచ్చిస్తన్నారు గనక ముసలోళ్ళు ఆ రోజు కదలరు. సంత రోజు మాత్రం బస్తాలు బుట్టలు కోళ్ళు, సీట్ల లెక్క పనిచేయదు.
అసలు కష్టం డయాలసిస్ వాళ్ళది. వారానికి రెండు మూడు సార్లు, ఎక్కిన దగ్గర్నించి నాలుగు గంటలు, దిగినాక కళ్ళు తిరుగుతుంటాయి, అప్పుడు ఆటోలో పదిమంది మధ్య కుక్కుకుని రావాల. నెలకి 10 వేలు పింఛను వస్తది, అందులో బండి కిరాయికే బోలెడు పోద్ది. మా దగ్గర ఒక పని చేశాం. మూడు ఊళ్ళల్లో నలుగురు పేషెంట్లు, ఒక్కొక్కళ్ళది ఒక్కో షిఫ్టు. నేను సెంటర్‌లో టెక్నీషియన్‌ని బతిమాలి నలుగురినీ ఒకే రోజులకి ఒకే షిఫ్టుకి మార్పించా. ఇప్పుడు నలుగురూ కలిసి ఒకే బండి మాట్లాడుకుంటారు, నాలుగు కిరాయిలు ఒకటైంది, తోడు కూడా అందరికీ కలిపి ఇద్దరు పోతే చాలు. బండి మారలా, డ్రైవరూ మారలా, టైం ఒక్కటే మారింది.

కొచ్చిలో మనోడు
కేరళలో ఉంటున్నా. ఇక్కడ గ్రామవండి అని ఉంది, 2022 జులైలో తిరువనంతపురం జిల్లా కొల్లయిల్ పంచాయతీలో మొదలెట్టారు. బస్సు, డ్రైవరు, కండక్టరు, రిపేర్లు అన్నీ అక్కడి ఆర్టీసీవే, డీజిలు ఖర్చు మాత్రం పంచాయతీది. రూటు, టైమింగ్సు పంచాయతీ వాళ్ళే చెప్తారు. అట్లాంటిది మీరు కూడా అడగొచ్చు కదా.

పాత కంట్రోలర్
మంచి పద్ధతే, కానీ లెక్క వేద్దాం. పల్లె వెలుగు లీటరుకి 5 కిలోమీటర్ల చిల్లర ఇస్తుంది. రోజుకి 120 కిలోమీటర్లు తిప్పితే 24 లీటర్లు, లీటరు 97 అనుకున్నా 2,300 పైన, నెలకి 70 వేలు. కేరళ పంచాయతీ ఒక్కోటి మన మండలంలో సగం ఉంటుంది, ఆదాయం కూడా అలాగే. మన ఊరి పంచాయతీకి వీధి లైట్ల కరెంటు బిల్లుకే దిక్కులేదు. నాలుగు పంచాయతీలు కలిసి వేసుకుంటే ఆలోచించొచ్చు, నాలుగు సర్పంచులు కలవటం మీరు చూసుకోండి.

తంజావూరు తెలుగు
తమిళనాడులో 1997 నించి మినీ బస్సులున్నాయి, బస్సు పోని ఊళ్ళకి ప్రైవేటోళ్ళకే పర్మిట్ ఇస్తారు, 2025 జూన్‌లో కొత్త స్కీం కింద మళ్ళీ పెంచారు, 25 కిలోమీటర్ల లోపు రూట్లు. మీ దగ్గర అట్లాంటి పర్మిట్ ఇస్తే ఈ ఆటో అన్నే మినీ బస్సు కొంటాడు.

నల్గొండ గట్టు
మా దగ్గర మహిళా సమాఖ్యలు బస్సులు కొని ఆర్టీసీకి కిరాయికిస్తున్నరు, 2025 మార్చి 8 నాడు సురువైంది. మస్తు మంచిగుంది గాని గా బస్సు యాడ తిరగాల్నో ఆర్టీసోళ్ళే చూస్తరు, సంఘపోళ్ళ ఊరికే వస్తదని ఏం లేదు. గిది మీ పనికి రాదన్నా, ఊకె చెప్తున్న.

డల్లాస్ బుల్లోడు
అయితే వ్యాన్ వద్దంటారా? ఇక్కడ టెక్సస్‌లో రూరల్ కౌంటీల్లో ముందు రోజు ఫోన్ చేసి బుక్ చేసుకునే వ్యాన్లు ఉంటాయి, పెద్దవాళ్ళు డాక్టర్ దగ్గరకి వెళ్ళటానికి అదే వాడతారు. అలా ఒక యాప్ చేయిద్దామా, మా ఫ్రెండ్ ఉన్నాడు.

టాప్ గేర్ ఆటో
యాప్ ఎందుకన్నా, అవ్వ దగ్గర బటన్ ఫోనుంది, అది కూడా మనవడు పెట్టే రీచార్జి మీద. ముందు రోజు చెప్పటం మాత్రం కావాలి నాకు.

చెరువుకట్ట
ముందు రోజు చెప్పటం అంటే మా ఊళ్ళో పాల కేంద్రం ఉంది, సాయంత్రం 6కి ప్రతి ఇంటి నించీ ఎవరో ఒకరు క్యాను పట్టుకుని వస్తారు, పాలు పోసి ఫ్యాట్ ఎంతొచ్చిందా అని నిలబడతారు. అక్కడే ఒక నోటుబుక్కు పెడితే? రేపు ఎవరెవరు పోతున్నారు, ఏ టైముకి, పోనా రానా. పాలు రాసుకునే ఆయన మా బాబాయే, వాట్సాప్ గ్రూపులో ఫోటో కొడతాడు, ఆటో అన్నకి పోద్ది. మిగతా మూడు ఊళ్ళల్లో రెండింట్లో కేంద్రాలున్నాయి, ఒక ఊళ్ళో కిరాణా కొట్టు.

పాత కంట్రోలర్
భలే. ఆ పుస్తకం చింపకుండా దాచండి, ఒక నెల రాస్తే డీఎం గారికి చూపించాల్సిన లెక్క అదే.

డిగ్రీ ఫస్టియర్
ఇంకో విషయం. ఆటో అన్న పొద్దున ఖాళీగా వస్తా అన్నారు కదా. మా హైస్కూలు టీచర్లు ఆరుగురు టౌన్ నించే వస్తారు, సచివాలయం వాళ్ళు, ఏఎన్‌ఎం అక్క కూడా. వాళ్ళంతా ఎవరి బైకు వాళ్ళు వేసుకొస్తున్నారు, మేడమ్స్ ఇద్దరు ఆటో మాట్లాడుకున్నారు. ఆ ఆటో వాళ్ళని దించి ఖాళీగా వెనక్కి పోద్ది, అదే టైముకి మేము రోడ్డు మీద ఆటో కోసం నిలబడుంటాం.

టాప్ గేర్ ఆటో
అమ్మా నువ్వు చెప్పింది మా స్టాండులో ఎవరికీ తట్టలేదు. టీచర్లు 8.15కి ఎక్కితే 8.45కి మీ దగ్గర, దించి మిమ్మల్ని ఎక్కించుకుని 9.20కి కాలేజీ. సాయంత్రం మీరు 5.20కి, దించి వస్తా సచివాలయమోళ్ళు. రెండు పక్కలా సీటుంటే 40 అక్కర్లా, 25కి వస్తా.

లా పాయింట్
నెలకి మాట్లాడుకునే పద్ధతి అయితే సంఘం పేరు మీద కాగితం రాసుకోండి, బండి మొత్తం ఇన్ని ట్రిప్పులకి ఇంత, ఎక్కేవాళ్ళ పేర్లు ఇవి అని. చందా మీరు లోపల ఎలా పంచుకుంటారో అది మీ ఇష్టం. దారిలో కొత్త మనిషిని ఎక్కించుకుని పాతిక తీసుకుంటే మాత్రం మళ్ళీ మొదటికే వస్తాం. సీట్లెన్ని ఉంటే అంతే మంది, డ్రైవర్ పక్కన అటొకడు ఇటొకడు వేలాడటం వద్దు, ఇన్సూరెన్స్ ఉన్న సీట్లకే ఉంటది.

పాడేరు పిల్ల
చదువుతుంటే నవ్వొస్తుంది ఏడుపొస్తుంది. మాకు రోడ్డే లేదు, డోలీ కట్టి రోడ్డు దాకా మోసుకురావాలి, అక్కణ్ణించి ఫీడర్ అంబులెన్సో జీపో. ఐనా సంత రోజు మా దగ్గర జీపోడు ఏ ఊరి నించి ఎన్ని బస్తాలు, ఎంతమంది అని ముందు రోజే కబురు పంపించి కనుక్కుంటాడు, కబురు రాని ఊరికి రాడు. మీ నోటుబుక్కు పనికొస్తది, పెట్టండి.

డల్లాస్ బుల్లోడు
ఓకే నేను కన్విన్స్ అయ్యా. వ్యాన్ డబ్బులు కాకుండా ఒక ఆరు నెలలు సీట్లు నిండని రోజుల గ్యాప్ మేము కడతాం. ఆటో అన్నకి ఒకటో తారీఖున ఫుల్ వెళ్ళిపోవాలి, వసూళ్ళు మీరు మెల్లగా చేసుకోండి. డయాలసిస్ వాళ్ళ కిరాయి మొత్తం మాదే. గ్రూపులో వాళ్ళు వ్యాను మీద పేరు ఉండదా అని అడుగుతున్నారు, నేను చెప్పుకుంటాలే.

ఆశా అక్క
పేరు కావాలంటే కొమ్మలు కొట్టించే కూలీ ఇవ్వమను తమ్ముడూ, బోర్డు చెట్టుకి కడతాం.

చెరువుకట్ట
అప్‌డేట్. నాలుగు ఊళ్ళ గ్రామ సంఘం అక్కలతో కూర్చున్నాం. సంఘం లెక్కలు రాసే వీఓఏ అక్క వసూళ్ళు తీసుకుంటా అంది, పొదుపు మీటింగులో పొదుపుతో పాటే కట్టించేస్తదంట, కుర్రోళ్ళ చేతికి డబ్బు వద్దు అని మొహం మీదే చెప్పింది. టీచర్లు నలుగురు ఒప్పుకున్నారు, ఇద్దరు బైకు వదలం అన్నారు. డయాలసిస్ మా నాలుగు ఊళ్ళకి ఇద్దరే, షిఫ్టు మార్చటానికి సెంటర్‌లో అడిగొచ్చాం, వచ్చే వారం చెప్తామన్నారు. బస్సు పొడిగింపుకి సార్ చెప్పినట్టు లెక్క రాస్తున్నాం, ఆటో నడుస్తుంది గదా ఇంక బస్సెందుకు అని మావాళ్ళే కొందరు అంటున్నారు, నేనైతే అడుగుదామనే అన్నా, ఆడోళ్ళకి ఫ్రీ ఉన్నప్పుడు 25 ఎందుకు పెట్టుకోవాలి.
ఒక్కటే తెగట్లా. మొదటి ఊరోళ్ళు మాకు 4 కిలోమీటర్లే మేమెందుకు సమానంగా కట్టాలి అంటున్నారు. మా ఊరోళ్ళు మాత్రం సీటు సీటే అంటున్నారు.

పాత కంట్రోలర్
స్టేజీ కట్టండి. మొదటి ఊరికి 10, రెండోదానికి 15, తర్వాత 20, మీది 25. మీ ఊరోళ్ళు గొణుగుతారు, గొణగనివ్వండి, దగ్గరోళ్ళు మానుకుంటే మీకే ఇంకా ఎక్కువ పడుద్ది. కానీ దగ్గర స్టేజీ వాళ్ళే సీట్లన్నీ ముందు పట్టేయకుండా చూడాలి, సాయంత్రం ఆ గొడవ వస్తుంది.

టాప్ గేర్ ఆటో
తక్కువొచ్చింది డల్లాస్ అన్న చూసుకుంటాడు గానీ నాదో డౌటు. దసరా సెలవుల్లో పిల్లలుండరు టీచర్లుండరు, ఆ పది రోజులు కూడా నెలలో కలిపేనా? ఇప్పుడే తేల్చండి, తర్వాత మొహమాటం నాకు.

చెరువుకట్ట
సెలవుల్లో పొద్దున ట్రిప్పు ఒక్కటే ఉంచి సగం ఇద్దాం అంటోంది వీఓఏ అక్క. సంత రోజు రెండు ట్రిప్పులు వేస్తే ఆ రోజుకి ఫుల్. ఒప్పుకుంటే చెప్పన్నా, ఈ సోమవారం కాగితం రాసేద్దాం, ఆర్సీ జిరాక్సు తెచ్చుకో.